అడ్డగీత ఉన్న బొటనవేలు

నేను ఒక ఇంకుప్యాడ్‌ను. సోమవారం పొద్దున పంతులుగారు నా మూత తీసేసరికి నేను ఎండిపోయి ఉన్నాను, నా పక్కనున్న అర్జీలో ముందురోజు పేర్లు మాత్రమే ఉండి ఖాళీగా ఉన్న నలభై గడుల్లోనూ వేలిముద్రలు పడి ఉన్నాయి.

రేకుడబ్బా, మందపాటి గుడ్డ, ఊదారంగు సిరా. నా పుట్టుక అంతే. ముప్పై ఏళ్లు రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో దస్తావేజుల లేఖరి కూర్మనాథం పంతులుగారి బల్ల మీద బతికాను. పొలం కొన్నవాడు వేలి సిరాను జుట్టుకు తుడుచుకునేవాడు, అమ్మినవాడు గోడకు రాసిపోయేవాడు. నాకు ముఖాలు చూసే అలవాటు లేదు. వేళ్లు మాత్రం మరిచిపోను.

పంతులుగారు పని మానేశాక నన్ను ఇడ్లీకొట్టు నూకరత్నం అడిగి తీసుకుంది. అర్జీ సరిచూడ్డానికి పంతులుగారూ ఆవిడ కొట్టుకు వస్తున్నారు. మా గెడ్డపేట మున్సిపల్ చైర్మన్ గున్నేశ్వరరావును దింపాలని ఆవిడ పట్టుదల. ఆయనకు ఓటు వేయలేదన్న అనుమానం ఉన్న జాలరివీధికి ఐదు నెలలుగా చుక్క నీళ్లు లేవు. అడిగితే పైపు పగిలిందంటాడు. కౌన్సిలర్లేమో, "రెండు వేల మందితో అర్జీ తెండి, అవిశ్వాసం మేం పెడతాం" అన్నారు, ఎలాగూ తేలేరన్న ధైర్యంతో. గడువు ఆ సోమవారం సాయంత్రం నాలుగింటికి.

ఇప్పుడు లెక్క సరిగ్గా రెండు వేలు. నూకరత్నం ముఖం వెలిగిపోయింది. పంతులుగారి ముఖం మాత్రం మాడింది.

"రత్నమ్మా, ఈ నలభై మందీ జాలరివీధి ఆడవాళ్లే కదా? ఎడమవేలు ఎందుకు వేశారు?"

దస్తావేజుల్లో మగవాళ్లది ఎడమ బొటనవేలు, ఆడవాళ్లది కుడి. మా వరండాలో ఎన్నడూ తప్పని పద్ధతి అది. పైగా నలభై ముద్రల్లోనూ ఒకే అడ్డగీత, పాత గాయం తాలూకుది.

"అన్నీ ఒక్కడివే. ఒక్క దొంగముద్ర పట్టుబడితే కట్టంతా చెత్తబుట్టలోకే పోతుంది."

"సైర్మన్ మనుసుల పనే పంతులుబాబూ! ఆడెవుడో నా సేతికి సిక్కాల, ఇడ్లీరేకుల్లో ఎట్టి ఉడకబెట్టీనా!"

నిన్న సాయంత్రం కొట్లో కూర్చుని కాగితాలు సర్దినవాళ్లు నలుగురే. పంతులుగారు నలుగురినీ పిలిపించి, నాలో నాలుగు చుక్కలు సిరా పోసి, తెల్లకాగితం పరిచారు. మొదటి వేలు టైలరుది, సూది గుచ్చుళ్లతో. రెండోది మేష్టారి మెత్తటి వేలు. మూడోది వణికే వేలు, డెబ్బై ఏళ్ల ముసలాయనది. వణుకు చూసి ఈయనేనేమో అనుకున్నాను కానీ, అందులోనూ గీత లేదు.

నాలుగోవాడు అప్పన్న, మున్సిపాలిటీలో కుళాయిల వాల్వులు తిప్పే మనిషి. వేలు నాకు తగిలిందో లేదో, గుర్తుపట్టాను. గీత అక్కడే ఉంది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నువ్వేట్రా అప్పన్నా?" అంది నూకరత్నం.

అప్పన్న వేలిని జుట్టుకూ తుడుచుకోలేదు, గోడకూ రాయలేదు. అలాగే ముందుకు చాపి నిలబడ్డాడు.

"నానే ఏసినానమ్మా. ఈ గీత వాల్వు తాళం జారి తెగింది. పైపు పగలనేదు. సైర్మన్ బాబు వాల్వు కట్టీమన్నారు, నానే కట్టీసినాను. పిల్లలున్నోణ్ని, ఉద్యోగం పోద్దని బయపడ్డాను. ఆ ఆడోల్లు బిందెలట్టుకుని నాలుగు ఈదులవతల లైన్లో నిలబడిపోయి, ఇక్కడికి రానేకపోనారు. నా వల్లే గదా అని ఆల బదులు నాను ఏసీసినాను. అవి కొట్టీండి పంతులుబాబూ. పొద్దున్నే ఎవుల్నీ అడక్కుండా వాల్వు తిప్పీసొచ్చినాను. జాలరీదిలో నీలొస్తన్నాయి, ఆడోల్లంతా ఇల్లకాడే ఉన్నారు. నాలుగవకముందే ఎల్లి కుడేల్లు ఏయించుకోండి. నాను సెప్పిందంతా ఓ కాయితం మీద రాసీండి. దాని కింద నా ఏలు ఏస్తాను, ఈపాలి నా పేరు మీదే."