కిటికీ పక్క మంచం

దిండుని గడ్డం కింద నొక్కిపట్టి గలేబు పైకి లాగుతుంటే కోడలికి దవడ కింద చురుక్కుమంది. వేలు పెట్టి చూసుకుంటే బిళ్ళ. ద్రాక్షపండంత ఉంది. గుండె జారిపోయింది ఆమెకి. జారదూ మరి, తను బట్టలు కుట్టే దుకాణంలో పక్క మిషను ఆవిడకి మెడలో ఇలాంటి గడ్డే లేచింది. ఆవిడ మళ్ళీ మిషను దగ్గరికి రాలేదు.

ఆ గలేబు కిటికీ పక్క మంచానిది. ఆ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆ మంచమెక్కడం రివాజు. ఎక్కినవాళ్ళకి వేడినీళ్ళూ, జావా, మాత్రలూ అన్నీ అక్కడికే నడిచొస్తాయి. మోసుకొచ్చే కాళ్ళు మాత్రం ఎప్పుడూ కోడలివే. ఈ విడత ముందు కూతురు ఎక్కింది, తరవాత అత్తగారు, ఇప్పుడు మొగుడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా కోడలు ఒక్కపూట ఎక్కలేదు. మా కోడలు ఉక్కుపిండం, జ్వరం కూడా దీన్ని చూసి పక్కింటికి పోతుంది అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. మెచ్చుకోలే, కాదనను. కానీ ఆ మెచ్చుకోలు నిలబెట్టడానికి కోడలు ఏం చేసేదో ఆవిడకేం తెలుసు? ఒళ్ళు కాలినప్పుడల్లా ఉప్పు డబ్బా వెనక దాచిన జ్వరం మాత్ర గుటుక్కున మింగి, చెమట పట్టగానే బట్టలు నానబెట్టేది.

జడ ముందుకి వేసుకుని బిళ్ళని దాచింది. తనకేమైనా అయితే కూతురి తల ఎవరు దువ్వుతారు, అత్తగారి మోకాళ్ళకి నూనె ఎవరు రాస్తారు అని ఆలోచించింది గాని, తనకేమవుతుందో ఆలోచించడానికి తీరిక దొరకలేదు. దుకాణం యజమాని కాజాలు వంకరపోతున్నాయని విసుక్కుంటే, జవాబు చెప్పబోయి భోరుమంది. ఆయన కంగారుపడి సగంపూట సెలవిచ్చి పంపేశాడు. తిన్నగా ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ బిళ్ళని అటూ ఇటూ కదిపి, నొప్పెడుతోందా, ఇంట్లో ఎవరికైనా జ్వరాలొచ్చాయా అని అడిగి, నెత్తురు పరీక్ష చేయించి, చివరికి నవ్వింది.

"భయపడ్డావా? ఇది కాపలా చౌకీ అమ్మా. ఒంట్లోకి క్రిమి వస్తే తెల్లకణాలు ఇక్కడ పోగై, దాన్ని గుర్తుపట్టి, తమ జనాన్ని పెంచుకుంటాయి. అందుకే వాచింది. ఇంట్లో ముగ్గురికి వచ్చిన జ్వరమే నీకూ వచ్చింది. కొన్ని వారాల్లో తగ్గిపోవాలి, తగ్గకపోతే మళ్ళీ రా."

"నాకు జ్వరాలు రావండీ," అంది కోడలు, అలవాటుకొద్దీ. అని, నాలిక్కరుచుకుని, మాత్రల సంగతంతా చెప్పేసింది.

"జ్వరమంటే నీ లోపలివాళ్ళు వెలిగించుకున్న పొయ్యి. ఆ వేడికి క్రిమి డీలాపడుతుంది. మాత్ర వేసుకోవడం తప్పు కాదు. వేసుకుని బట్టలుతకడం తప్పు. వాళ్ళకి కావలసిన బలం నువ్వు బకెట్లకి ఖర్చుపెడితే ఎలా? వెళ్ళి పడుకో."

దారంతా ఆమెకి నవ్వొస్తూనే ఉంది. బతికిపోయానన్న నవ్వు. దాని వెనకాలే ఇంకో ఆలోచన. అడక్కుండా, చెప్పకుండా, ఇన్నేళ్ళూ లోపల ఎవరో తనకి చాకిరీ చేస్తున్నారు. తనకొక్కదానికే.

ఇంటికొచ్చేసరికి మొగుడు ఆ మంచం మీద ఫోను చూసుకుంటున్నాడు. దగ్గు ఎప్పుడో తగ్గింది, మంచమే దిగలేదు. కోడలు జడ వెనక్కి వేసుకుంది.

"లేవండి. నాకు జ్వరం."

ఆయన దిండు పట్టుకుని నిలబడ్డాడు. "నీకా?" అన్నాడు. వంటింటి వైపు చూసి, "మరి పొయ్యి?" అన్నాడు.

"నాది లోపల వెలుగుతోంది. బయటిది మీరు చూసుకోండి."

అత్తగారు దగ్గరికొచ్చి కోడలి దవడ కింద చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు కొడుకు వైపు తిరిగి, "రారా, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో చూపిస్తాను," అంది.

కోడలు కాళ్ళు చాపుకుంది. అక్కణ్ణించి చూస్తే ఎదురింటి గోడ మీద ఎండ కనబడుతుందని, అది మెల్లమెల్లగా కిందికి దిగుతుందని, ఇన్నేళ్ళూ ఆ మంచం దుప్పట్లు దులిపిన మనిషికి ఆ రోజే తెలిసింది.