ఆరు పాయింట్ అయిదు ఒకటి

ఊరి కౌన్సిల్ వారి కొలత టేపు సంగతి మిల్‌గేట్ వీధిలో తెలియని ఇల్లు లేదు. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, లాగి సాగదీసి తెస్తారనీ, అందువల్ల ఏ గదిని కొలిచినా ఉన్నదానికన్నా చిన్నదిగానే తేలుతుందనీ అందరి నమ్మకం. ఇద్దరికి మించి అద్దెకు పెట్టుకున్న ఇంటికి లైసెన్సు ఉండి తీరాలన్న నిబంధన ఆ ఊరికి వచ్చిన నాటినుంచి ఈ మాట మరీ బలపడింది. పక్కింటి ఫ్రాంక్ హావర్త్ వెనకగదికి అనుమతి రాకపోవడమే అందుకు రుజువు. కొలిచిన రోజున ఫ్రాంక్ ఊళ్ళో లేడన్నదీ, ఆ గదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదన్నదీ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

బెరిల్ ఎంట్‌విసిల్‌కు డెబ్బై నాలుగేళ్ళు. భర్త పోయాక తాను కింది ముందుగదిలోకి మారి, మేడమీది మూడు గదులూ అద్దెకిచ్చింది. పెద్ద గదులు రెండింటిలో ఆసుపత్రి నర్సులు ఇద్దరున్నారు. చిన్నగదిలో డెస్మండ్ పికప్ అనే రిటైరైన బస్సు డ్రైవరు పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నాడు. పొద్దున టోస్ట్ మాడిందని ఆయన ఏనాడూ అనలేదు, మాడ్చానని ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు. ఆ విధంగా ఇద్దరికీ బాగానే గడుస్తోంది.

పెద్దవాళ్ళు ఒకరు పడుకునే గది ఆరు పాయింట్ అయిదు ఒకటి చదరపు మీటర్లకు తగ్గరాదని, తగ్గితే అందులో ఎవరూ పడుకోరాదని కౌన్సిల్ పంపిన నోటీసులో ఉంది. బెరిల్ కుట్టుపెట్టెలోని గుడ్డ టేపు తీసి చిన్నగదిని కొలిచింది. పొడవు మూడు మీటర్లు, వెడల్పు రెండు మీటర్ల పదిహేను సెంటీమీటర్లు. గుణిస్తే ఆరు పాయింట్ నాలుగు అయిదు.

"ఆ నర్సు పిల్లల్ని పెద్దగదుల్లోంచి కదపడమెందుకండీ. నేనే మా చెల్లెలి దగ్గరికి పోతాలెండి," అన్నాడు డెస్మండ్, సాయంత్రానికి జల్లు పడొచ్చని చెబుతున్నట్టుగా. చెల్లెలి ఇంట్లో నాలుగు చిలకలున్నాయి. వాటికీ ఆయనకూ పడదు.

ఉండిపొమ్మని మనిషి మొహంమీదే అనేయడం ఆ వీధి మర్యాద కాదు. అంచేత బెరిల్, ఈ వానల్లో అట్టపెట్టెలు మోస్తే వాటి అడుగులు ఊడిపోతాయని మాత్రం హెచ్చరించింది.

ఉపాయం చెప్పినవాడు ఫ్రాంక్. "గోడలు గీకించు బెరిల్. మన వీధిలో గోడకంటించిన పాత కాగితం పీకిన వాళ్ళెవరు? మా అమ్మ రోజుల్నుంచీ దాని మీదే ఇంకోటి అంటించడమేగా. అటొక వేలు, ఇటొక వేలు కలిసొస్తుంది."

కావలసింది వెడల్పులో రెండు సెంటీమీటర్లు. మూడు రోజులు బెరిల్, డెస్మండ్ ఇద్దరూ తడిపి గీకారు. గులాబీల కింద గోధుమరంగు గుండ్రాలు, వాటి కింద రాణిగారి జూబిలీ నాటి కిరీటాలు, ఇంకా కింద బెరిల్ భర్త పెన్సిల్‌తో వేసి తప్పుచేసిన కూడిక ఒకటి బయటపడ్డాయి. మొత్తం ఏడు పొరలు. కలిసొచ్చింది మాత్రం ఒక్క సెంటీమీటరు. బెరిల్ చెంచా తెచ్చి సున్నం గీకడం మొదలుపెట్టింది.

"ఇంకొంచెం గీకితే అవతల ఫ్రాంక్ కనబడతాడండీ," అన్నాడు డెస్మండ్.

తనిఖీకి వచ్చిన ఉద్యోగిని పేరు ఫర్జానా. టీ ఇస్తే లంచం కింద రాసుకుంటారని ఫ్రాంక్ చెప్పి ఉండడంతో, మంచినీళ్ళయినా అడక్కుండా బెరిల్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ముందు నీ టేపేదో చూపించమ్మా."

ఫర్జానా జేబులోంచి అగ్గిపెట్టెంత పరికరం తీసి గోడకు ఆనించింది. ఎదురుగోడ మీద ఎర్రటి చుక్క పడింది. పరికరం మీద మూడు పాయింట్ సున్నా అయిదు అని వచ్చింది. మరో గోడకు ఆనిస్తే రెండు పాయింట్ రెండు. ఆరు పాయింట్ ఏడు ఒకటి అని రాసుకుంది.

ఎక్కువ వచ్చినా బెరిల్ సంతోషించలేకపోయింది. అరవై ఎనిమిదిలో తన పెళ్ళి గౌను కుట్టిన టేపు అబద్ధమాడుతుందా అంటూ దాన్ని తెచ్చి ముందు పెట్టింది.

ఫర్జానా వాదించలేదు. లైసెన్సు ఫారం ఒకటి తీసి ఆ టేపు పక్కన పరిచింది. "ఈ సైజు కాగితం పొడవు ఎక్కడ కొన్నా ఇరవై తొమ్మిది పాయింట్ ఏడు సెంటీమీటర్లండీ. మీ దానిమీద ఎంతుందో మీరే చదవండి."

ఇరవై తొమ్మిది పాయింట్ రెండు. యాభై ఏళ్ళుగా వీధిలోని నడుములన్నీ కొలిచి కొలిచి గుడ్డ సాగిపోయింది. గోడలు గీకకముందే గది సరిపోయేదన్నమాట.

డెస్మండ్ మంచం కిందికి వంగి, కట్టిన అట్టపెట్టెల తాళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. బెరిల్ బోసిగోడల వంక చూసింది.

"పికప్ గారూ, ఏ రంగు కాగితం వేయిద్దాం? రోజూ చూసేది మీరేగా."

"ఆకుపచ్చదైతే బాగుంటుందండీ," అన్నాడాయన తలెత్తకుండా. "ఒక్క పొరే."

వీధిలో ఫ్రాంక్ కాపు కాసి ఉన్నాడు. కౌన్సిల్ టేపు ఎంత సాగిందని ఫర్జానాను నిలదీశాడు. ఆమె జేబులోని పరికరాన్ని చూపించి విషయం చెప్పింది: లైసెన్సు ఆఫీసులో టేపు వాడడం మానేసి ఎనిమిదేళ్ళయింది, ఫ్రాంక్ గదిని కొలిచింది కూడా దీనితోనే.