అట్ట మీది పేరు

ఈమధ్య ఆస్పత్రులన్నిటికీ ఒకటే రోగం పట్టుకుంది. కంప్యూటరు సలహాదారు కావాలిట. పక్క వీధి పళ్ళ డాక్టరు ఒకణ్ణి పిలిపించుకున్నాడు. అది చూసి కంటి ఆస్పత్రి వాళ్ళు ఇద్దర్ని పిలిపించుకున్నారు. ఇక మా డాక్టరమ్మ ఊరుకుంటుందా? ఆవిడా ఒకణ్ణి పిలిపించింది. వచ్చింది ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ మా అల్లుడు.

నా ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి! ఇరవై రెండేళ్ళుగా ఆ ఆస్పత్రి ముందు బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాసేది, ఫైళ్ళు తీసేది, పేషెంట్లను పేరుపేరునా లోపలికి పంపేది నేను. ఆ పనంతా చేసే మిషన్ పట్టుకుని నా కూతురి మొగుడే రావాలా? ఇంకెవడైనా అయితే మొదటిరోజే నాలుగు దులిపి పంపేదాన్ని. అల్లుణ్ణి ఏమనగలను? "రండి బాబూ, కూర్చోండి" అనాలి. అన్నాను. పళ్ళు నూరుకుంటూనే అన్నాను.

డాక్టరమ్మ మనిషి మంచిదే. చెప్పడం కూడా ఎంతో మెత్తగా చెప్పింది. "అక్కా, వారం రోజులు మిషన్ సరిగ్గా పనిచేసిందంటే ఇక నువ్వు ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు."

విశ్రాంతి కావాలని నేనడిగానా? ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడుకోనా? ఆ కుర్చీ పోతే పొద్దున్నే లేచి తల దువ్వుకోవడానికి కూడా నాకు కారణం ఉండదు. ఆ మాట ఎవరితో చెప్పుకోను?

అదే రోజు కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, కంపెనీ వాళ్ళు ఆయన ఒక్కడికే అప్పజెప్పిన మొదటి పని ఇది. చెడిందంటే ఇంకోటి ఇవ్వరు. నీ నోరు కాస్త అదుపులో పెట్టుకో."

"నోరెత్తితే ఒట్టు" అన్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. కొంప మునిగింది అందుకే.

మా ఫైళ్ళ సంగతి కాస్త చెప్పాలి. మా పేషెంట్లలో ఇంటిపేరుతో సహా ఒకే పేరున్న వాళ్ళు పదకొండు మంది. నేను చేరిన కొత్తలో ఒకాయన ఇంజక్షన్ ఇంకొకాయనకి పొడవబోయారు. ఆ మహానుభావుడు చొక్కా చెయ్యి మడుచుకుని సిద్ధంగా కూర్చున్నాడు కూడా. ఇదేమిటయ్యా అంటే, "పిలిచారు, వచ్చాను" అన్నాడు. ఆరోజే నిర్ణయించుకున్నాను. అసలు పేరు వెనక అట్ట మీద, కింద మూల, చిన్నగా. ముందు అట్ట మీద మాత్రం పెద్దక్షరాలతో, మనిషిని ఇట్టే గుర్తుపట్టేలా నేను పెట్టుకున్న పేరు. గురక సార్. మందులు పారబోసే మాస్టారు. మోకాళ్ళ మామ్మ నంబర్ ఒకటి, మోకాళ్ళ మామ్మ నంబర్ రెండు. డాక్టరమ్మ దగ్గరికి లోపలి కాగితాలే వెళ్తాయి. అట్ట నా బల్ల దాటదు. కాబట్టి ఈ సంగతి మూడో కంటికి తెలియదు.

అల్లుడి మిషన్ కాగితాలను ఫొటో తీసి చదువుకుంటుంది. లోపలి కాగితాల మీద డాక్టరమ్మ చేతిరాత దాని వల్ల కాలేదు. మందుల షాపు వాళ్ళ వల్లే కాదు, దాని వల్ల ఏమవుతుంది? దాంతో అతను అట్టల మీద పడ్డాడు. మూడువేల అట్టలు కట్టలు కట్టలుగా మిషన్ నోట్లో పెడుతున్నాడు, కళ్ళేమో తెర మీద అంకెల మీదే ఉన్నాయి. అలా పెడుతూనే అడిగాడు.

"అత్తయ్యా, ముందు అట్ట మీద పెద్దక్షరాలతో ఉన్నది పేషెంట్ పేరే కదా?"

"ఊఁ" అన్నాను.

దాచడమెందుకు, తెలిసే అన్నాను. కుర్చీ లాక్కుంటున్నవాడికి నేనెందుకు దారి చూపించాలని నా కడుపుమంట.

సోమవారం పొద్దున మిషన్ మొదలుపెట్టారు. హాలు కిటకిటలాడిపోతోంది. గోడకి పెద్ద తెర, అందులోంచి ఎవరో అమ్మాయి తియ్యటి గొంతు. వారానికి మూడుసార్లు ఆయాసమంటూ వచ్చే డాక్టరమ్మ అత్తగారు ముందు వరసలో దర్జాగా కూర్చుంది.

"గురక సార్ గారూ, దయచేసి ఒకటో గదికి రండి."

ఎవరూ లేవలేదు. ఒకావిడ పక్కనున్న భర్తని మోచేత్తో పొడిచింది. "మిమ్మల్నే. లేవండి."

"నన్నేనని ఏమిటే నీకంత నమ్మకం?"

"ఇరవయ్యేళ్ళుగా పక్కన పడుకుంటున్నాను కదండీ!"

"మందులు పారబోసే మాస్టారు గారూ, దయచేసి రెండో గదికి రండి."

మాస్టారు అలవాటుకొద్దీ సగం లేచాడు. సగంలో విషయం అర్థమై కూర్చున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. "పారబోస్తున్నారా! నా కుండీలో మొక్క ఎందుకు చచ్చిందా అని నెల్లాళ్ళ నుంచి ఏడుస్తున్నానే!" అని ఆయన భార్య అందుకుంది.

ఆ గోల తగ్గకముందే మోకాళ్ళ మామ్మ నంబర్ రెండుకి పిలుపు వచ్చింది. ఇద్దరు మామ్మలూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"రెండు నువ్వే. నాకు నీకంటే ముందునుంచీ నొప్పి."

"నీకు ఒక్క మోకాలేగా! నాకు రెండూనూ. నేనెలా రెండవుతానే?"

అడిగి తేల్చుకుంటామని ఇద్దరూ చేతికర్రలు అక్కడే పడేసి మిషన్ దగ్గరికి పరిగెత్తారు. మా ఆస్పత్రిలో అంత గుణం ఏ మందుతోనూ నేను చూడలేదు.

అల్లుడు చెమటలు కక్కుతూ మీటలన్నీ నొక్కుతున్నాడు. పిలిచినవాళ్ళు రాకపోతే మిషన్ గొంతు పెంచి మళ్ళీ పిలుస్తుంది. అది దాని గొప్పట. ఈ గోలలో ఒక పిలుపు ఎవరికీ వినపడలేదు కాబోలు, గొంతు పెంచింది.

"ఉత్తుత్తి ఆయాసం అత్తగారూ! దయచేసి డాక్టర్ గదికి రండి! రెండోసారి పిలుస్తున్నాం!"

హాల్లో తలలన్నీ ముందు వరసకి తిరిగాయి. డాక్టరమ్మ అత్తగారికి మొదటిసారి నిజంగా ఆయాసం వచ్చింది.

రెండు నిమిషాల్లో అల్లుడూ నేనూ డాక్టరమ్మ ఎదుట నిలబడ్డాం. "ఎవరి నిర్వాకం ఇది?" అంది ఆవిడ.

నేను నోరు తెరిచేలోపే అల్లుడు అందుకున్నాడు. "తప్పు నాదేనండీ. అవి అసలు పేర్లు కావని అత్తయ్య చెప్పారు. నేనే వినిపించుకోలేదు. మా కంపెనీకి కూడా అలాగే రాసిస్తాను. ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి." చెవులు రెండూ ఎర్రగా అయిపోయాయి. కళ్ళు నేలమీదే ఉన్నాయి.

నేను ఊరుకుంటే చాలు. మిషన్ బయటికి పోతుంది, కుర్చీ నాదే. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే అయిపోతుంది. కానీ నాకు ఏడుపొచ్చేసింది. నా కుర్చీ లాక్కోవడానికి వచ్చాడనుకున్నవాడు, నా కోసం తన పని పోగొట్టుకుంటున్నాడు. ఛీ, నేనేం మనిషిని అనిపించింది.

"అబద్ధం డాక్టరమ్మా" అన్నాను. "అట్టల ముందున్నవి నేను పెట్టిన పేర్లు, అసలువి వెనకున్నాయి. పేషెంట్ల పేర్లు ఇవేనా అని అతను అడిగాడు. నేనే తెలిసి తెలిసీ ఊఁ అన్నాను. నన్ను లేపేస్తారని కడుపుమంట. పంపాలనుకుంటే నన్ను పంపండి. పిల్లాడి తప్పేం లేదు."

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంతలో తలుపు సందులోంచి గురక సార్ తల లోపలికి పెట్టాడు. "డాక్టరమ్మా, మిగతా పేర్లు కూడా చదివించండమ్మా. నయమైనవాళ్ళు కూడా ఇంటికి పోకుండా కూర్చున్నారు."

ఆవిడ పెదవి కొరుక్కుంది. భుజాలు కదిలాయి. ఆపుకోలేక బల్ల మీదికి వంగి నవ్వేసింది.

"మా అత్తగారి సంగతి ఆరేళ్ళుగా నేను పైకి అనలేకపోయాను. మీ మిషన్ రెండుసార్లు అరిచి చెప్పింది" అని కళ్ళు తుడుచుకుంది. "మిషన్ ఉంటుంది. కానీ ఆ పదకొండు మందిలో ఎవరెవరో దానికి చెప్పే మనిషి కావాలి. అక్కా, నీ కుర్చీ ఎక్కడికీ పోదు. ఇద్దరూ కూర్చుని మూడువేల అట్టలూ తిరగేసి అసలు పేర్లు ఎక్కించండి. మా అత్తగారి అట్ట మాత్రం ఈ క్షణమే చింపెయ్యండి."

బయటికి రాగానే అల్లుడు బెంచీ మీద కూలబడ్డాడు. బీపీ పట్టీ తెచ్చాను.

"చెయ్యి ఇలా పెట్టు" అన్నాను.

పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. తడబడి అన్న మాట కాదు. అతను నావైపు చూసి చెయ్యి పెట్టాడు.

బీపీ కాస్త ఎక్కువే ఉంది. ఎక్కువుంటే ఫైలు తెరవాలి, అది మా ఆస్పత్రి పద్ధతి. కొత్త అట్ట తీసి, వెనక మూల అతని పేరు చిన్నగా రాశాను. ముందువైపు రాస్తుంటే మెడ చాచి చూడబోయాడు. చెయ్యి అడ్డం పెట్టి రాసి, అప్పుడు చేతికిచ్చాను.

"మా అబ్బాయి. అబద్ధమాడటం చేతకాదు."

రెండుసార్లు చదువుకుని, "దీన్ని కూడా మిషన్‌లో ఎక్కించమంటారా అత్తయ్యా?" అన్నాడు.

"ఎక్కించు" అన్నాను. "గట్టిగా పిలవనీ."