మామూలు అని రాసిన కార్డు

పలాస నుంచి విశాఖపట్నం వెళ్లే పాసింజరు హరిశ్చంద్రపురంలో క్రాసింగు కోసం ఆగినప్పుడు, నేను రిజిస్టరులో ఇరవై మూడో పేరు దగ్గర ఆగిపోయాను. బొడ్డమ్మ, యాభై రెండేళ్లు, భర్త సన్యాసిరావు, జలంత్రకోట. పక్కన నా చేతిరాతతోనే ‘మామూలు’ అని ఉంది. కింద నా సంతకం కూడా ఉంది. ఎంత ఆలోచించినా ఆవిడ నోరు మాత్రం నా కళ్ల ముందుకు రాలేదు.

దానికంత కంగారెందుకు అంటారేమో, చెబుతాను. నేను విశాఖలో క్యాన్సర్ డాక్టర్ని. ఇది రెండువేల మూడు ఫిబ్రవరి మాట. నెలకొక ఆదివారం పలాసలో ఒక కల్యాణమండపంలో నోటి పరీక్షల క్యాంపు పెట్టేవాళ్లం. ఈ తీరంలో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అలా అయితే గాలికి ఆరిపోదు, చాలాసేపు వస్తుంది, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చు. కాలేది అంగిలి ఒక్కటే. అందరి అంగిలీ తెల్లగా బీటలు వారి, ఎర్రటి చుక్కలతో ఉంటుంది. అది ఇక్కడ మామూలు. నలభై నోళ్లు చూస్తే ఒకటో రెండో పుండు పడినవి ఉంటాయి. వాటిని పట్టుకోవడమే నా పని. పట్టుకుంటే మనిషి దక్కుతుంది, వదిలేస్తే లేదు.

నాకు మనుషుల పేర్లు గుర్తుండవు, నోళ్లు గుర్తుంటాయి. పదమూడేళ్ల సర్వీసులో నాకు మిగిలింది ఆ ఒక్క విద్యే. మొదట్లో పేషెంటు పోతే రెండు రోజులు అన్నం సహించేది కాదు. తర్వాత్తర్వాత అది ఒక పూటకి దిగింది. పోయిన దసరా నాడు, మూడేళ్లుగా నేనే చూస్తున్న మనిషి పోయాడని వార్డు నుంచి ఫోనొస్తే, “మంచం ఎప్పటికి ఖాళీ అవుతుంది?” అని అడిగాను. ఫోను పెట్టేశాక, ఆ మాట అన్నది నేనేనా అని నాకే భయం వేసింది. కోపం మాత్రం ఎప్పట్లాగే ముక్కు మీదే ఉంది, అదొక్కటీ తగ్గలేదు.

ఆ ఉదయం ఇరవై రెండో మనిషి నూకరత్నం. జీడి కార్ఖానాలో పిక్కలు కొడుతుంది, వేళ్లన్నీ జీడి చమురుకి నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఆవిడ అంగిట్లో పుండు ఎముక దాకా దిగిపోయింది. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. ఆవిడ ఏడవలేదు. “మా కూతురు గుంటకి పదో తరగతి పరీచ్చలమ్మా. అయిపోనాక ఒత్తాను,” అంది.

“అయిపోయాక వస్తే నేనేం చెయ్యను? శవానికి కుట్లు వెయ్యనా?” అని అరిచాను.

 వరసలో కూర్చున్న ఆడవాళ్లందరూ నన్నే చూశారు. నర్సు మంగాదేవి నా చేతిలో మంచినీళ్ల గ్లాసు పెడితే, సగం నీళ్లు చీర మీదే ఒలికాయి. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నది ఈ బొడ్డమ్మే. ఆవిడ ఏదో అన్నట్టు, నేను రిజిస్టరులోనూ ఆవిడ కార్డు మీదా ఏదో రాసినట్టు లీలగా గుర్తుంది. నోట్లోకి చూసినట్టు మాత్రం గుర్తు లేదు.

“వచ్చే నెల పిలిపిద్దాం మేడమ్,” అంది పక్కన కూర్చున్న మంగాదేవి. టెక్కలిలో ఒక గుమాస్తాగారి అమ్మాయి, నా కోపానికి బాగా అలవాటు పడ్డ మనిషి. “జలంత్రకోట అంటే మళ్లీ పలాస దాటి వెళ్లాలి. పొద్దున్నించి మీరేటీ తినలేదు కూడాను.”

“నెల్లాళ్లలో పుండు ఎంత పెరుగుతుందో నీకు తెలీదూ?”

“అసలుందో లేదో తెలీదు కదండీ.”

“నా ఏడుపు కూడా అదే,” అని హ్యాండ్‌బ్యాగు తీసుకుని దిగిపోయాను. టార్చి, మిగతా సామానూ మంగాదేవి దగ్గరే ఉండిపోయాయని రైలు కదిలాక గుర్తొచ్చింది.

స్టేషను నుంచి రోడ్డు మీదకి, అక్కణ్నించి టెక్కలికి, టెక్కలి నుంచి పలాసకి ఏది ఆగితే అది ఎక్కాను. దారి పొడుగునా నాతో నేనే వాదించుకున్నాను. చూసే ఉంటావులే, పదమూడేళ్ల అలవాటు, నువ్వు మర్చిపోయినా నీ కళ్లు మర్చిపోవు అనుకున్నాను. చూసి ఉంటే గుర్తుండేదిగా అని మళ్లీ నేనే అడ్డు తగిలాను. పలాసలో ఆటో మాట్లాడుకునేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. మంచినీళ్లు కొనుక్కోవాలన్న ధ్యాస కూడా లేదు.

ఆటో డ్రైవరు పేరు చిట్టిబాబు. “జలంత్రకోటలో ఎవులింటికమ్మా?” అని అడిగాడు.

“సన్యాసిరావు ఇంటికి.”

“ఏ సన్నాసిరావు? ఆ ఊర్లో నలుగురున్నారు.”

“భార్య పేరు బొడ్డమ్మ.”

“బొడ్డమ్మలైతే ఇంకా ఎక్కువే ఉన్నారు,” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నోరు చూపించుకోవడానికి ఈ ఉదయం పలాస వచ్చిన మనిషి అన్నాను. ఊళ్లో ఇద్దర్ని అడిగి, కొబ్బరితోట వెనకున్న పెంకుటింటి ముందు దింపాడు.

సన్యాసిరావు వాకిట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. నేనెవరో చెప్పగానే కంగారుగా లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నేనెందుకొచ్చానో చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు.

“ఏటీ నేదని సెప్పినారంట కదా తల్లీ! పది దినాల్నుంచి గెంజి తప్ప ఏటీ ముట్టనేదు. ఈయేల ఒచ్చి, పచ్చడేసుకొని అన్నం తిన్నాది. నా పేణం కుదుటపడ్డాది.”

 పది రోజుల పాటు గంజి మాత్రమే తాగిన నోరది. ఆ నోటితో పచ్చడన్నం తినడం ఎంత నరకమో నాకు తెలుసు. మొగుడు నమ్మాలని తిని ఉంటుంది.

బొడ్డమ్మ పెరట్లో ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, నవ్వనూ లేదు. పీట తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. బోరింగు దగ్గర చేతులు కడుక్కుని, “నువ్వు కూర్చో. ఎండ వైపు తిరిగి నోరు తెరువు,” అన్నాను.

తెరిచింది. పడమటి ఎండ ఏటవాలుగా నోట్లోకి పడింది. అంగిట్లో ఎడమపక్క, బొటనవేలి గోరంత పుండు. వేలితో తడిమితే అంచు గట్టిగా తగిలింది. మెడంతా నొక్కి చూశాను, గడ్డలు లేవు. ఈ వారంలో కోసేస్తే మనిషి దక్కుతుంది. వచ్చే నెలకైతే ఆ మాట చెప్పలేను.

పుండు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత, “పొద్దున్న నేను నీ నోరు చూడలేదు బొడ్డమ్మా. చూడకుండానే రాసేశాను. తప్పు నాది,” అన్నాను. ఏ పేషెంటుకీ ఎన్నడూ చెప్పని మాట అది. తిడుతుందనుకున్నాను. నాలుగు తిడితే బాగుండునని కూడా అనిపించింది.

“నువ్వు సూడకపోడమేటి తల్లీ, నేనే సూపించనేదు,” అంది బొడ్డమ్మ. “నువ్వు టార్చి ఎలిగించినావు గాని నీ కళ్లు ఎక్కడో ఉన్నాయి. ‘నాకేటీ నేదమ్మా, రాసీయి, ఎల్లిపోతాను’ అన్నాను. రాసీసినావు.”

“పది రోజులుగా అన్నం తినలేని మనిషివి. అంత దూరం నుంచి వచ్చి ఎందుకలా అన్నావు?”

“నూకరత్నానికి సెప్పినప్పుడు నీ సెయ్యి సూసినాను. గలాసు పట్టుకోనేకపోయినావు. ఈయమ్మ ఎంతమందికని సెప్తాది, ఈయమ్మదీ పేణమే కదా అనుకున్నాను. నెల పోతే మళ్లీ ఒత్తావు, అప్పుడు సూపిద్దామనీసి ఊరుకున్నాను.” మొగుడికి వినపడకుండా గొంతు తగ్గించింది. “ఆ పచ్చడి తిన్నప్పుడు మాత్రం సచ్చి బతికినాను తల్లీ. కళ్లంట నీల్లు కారతంటే మిరగాయ గాటు అన్నాను.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. దసరా నాడు రానిది, నూకరత్నం ముందు రానిది, ఇక్కడ ఈ పెరట్లో వచ్చింది. రోగం నోట్లో పెట్టుకుని నా మీద జాలిపడింది ఈ మనిషి. నేను అరిచిన అరుపుకి భయపడి ఉంటే నన్ను నేనే తిట్టుకునేదాన్ని, సరిపోయేది. జాలిపడితే ఏం చెయ్యాలో నాకు తెలీలేదు. బొడ్డమ్మ లేచి తన కొంగుతోనే నా ముఖం తుడిచింది. రేపే విశాఖ రావాలంటే, మారు మాట్లాడకుండా ఒత్తానంది.

అప్పుడు ఇంకో భయం పుట్టింది. నా చెయ్యి వణకడం చూసింది ఆ వరసలో ఈవిడొక్కతే కాదు. పొద్దున్నించి వాళ్ల ఎదుటే కూర్చుని నేనేమీ తినకపోవడం కూడా అందరూ చూశారు. ఇంటికొచ్చిన మనిషి ముఖం వాడిపోయి ఉంటే తమ కష్టం దాచుకునే ఊళ్లు ఇవి.

“బొడ్డమ్మా, వరసలో ఇంకెవరైనా ఇలాగే అనుకున్నారా? నాకు చూపించకుండా వెళ్లిపోయారా?”

 చెప్పాలా వద్దా అన్నట్టు ఆవిడ నా ముఖంలోకి చూసింది.

“చెప్పు. నాకేం కాదు,” అన్నాను.

బొడ్డమ్మ పీట మీద కూర్చుని, కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఆ చేతి వేళ్లు అయిపోయాయి. రెండో చెయ్యి ఎత్తింది.