యోనా ఇంకా చేపలోనే ఉన్నాడు

గోడలు గుడ్డతో ఉన్నాయి, నీలంరంగు ఫ్లానెల్ గుడ్డ, ఆనుకుంటే మెత్తగా లోపలికి పోతున్నాయి, ఇది మా చర్చి వెనక వరండా అని నాకు తెలుస్తూనే ఉంది కాని వరండాలో ఇంత చీకటి ఎందుకుందో తెలియదు, మధ్యలో చాప మీద సువార్తమ్మ టీచరుగారు కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నారు. ఆవిడ పోయి నెల దాటింది. సమాధి దగ్గర పాట పాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఇక్కడ ఎత్తడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాను.

మా పేటలో పిల్లలందరికీ సండేస్కూల్లో శనక్కాయలు పెట్టి బైబిలు కథలు చెప్పింది ఆవిడే, చిన్నప్పుడు నాకూ ఆవిడే చెప్పారు. ఏ కథా ఒక్క ఆదివారంలో పూర్తిచేసేవారు కాదు, సరిగ్గా గండం దగ్గర ఆపి "మిగతాది వచ్చే ఆదివారం" అనేవారు, పిల్లలు మళ్ళీ రావాలని కాబోలు అనుకునేవాళ్ళం. చివరిసారి, దేవుడు పొమ్మన్న ఊరికి పోకుండా పడవెక్కి పారిపోయిన యోనాను పెద్ద చేప మింగిందాకా చెప్పి ఆపారు, ఆ వారంలోనే పోయారు. అప్పట్నుంచి బడి లేదు. పాస్టరమ్మగారు నన్ను చెప్పమంటున్నారు, ఈ ఆదివారానికి నేను ఒప్పుకోకపోతే బడి ఎత్తేస్తారట.

"చేప నోరు మరీ ఇరుగ్గా కుట్టావే సలోమీ" అంటారు టీచరుగారు, పప్పులు నా దోసిట్లో పోస్తూ. కథకోసం గుడ్డ చేపని, దాని పొట్టలో పెట్టడానికి గుడ్డ యోనాని కుట్టిచ్చింది నేనే, ఆవిడ పోయాక పాస్టరమ్మగారు వాటిని నా చేతికే ఇచ్చారు.

"మీరేగా టీచరుగారూ, యోనా జారిపోతున్నాడు, బిగించి కుట్టమన్నది."

"జారకుండా అన్నాను గాని, అసలు రాకుండా అన్నానా?"

తలెత్తి చూస్తే పైన ఉన్నది నా కుట్టే, లోపలి వైపు ముడులతో సహా కనబడుతోంది, అంటే మేమిద్దరం చేప పొట్టలో ఉన్నాం, అది తెలిసినా భయం వెయ్యదు, కుట్టు తిన్నగా లేదే అని సిగ్గు మాత్రం వేస్తుంది. గోడ అవతల పిల్లల మాటలు వినబడుతున్నాయి. "యోనా బయటికొచ్చాడా టీచర్?" అని అడుగుతున్నారు, ఆవిడనో నన్నో తెలియడం లేదు.

"వాళ్ళకేం చెప్పమంటారు?" అంటాను.

"నన్నడుగుతావేంటే, నేను పోయినదాన్ని."

"నాకు దేవుడి పిలుపు రాలేదండి. జ్వరమొస్తే తప్ప బైబిలు తియ్యను. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే జాకెట్ల కొలతలు కనబడతాయి. పిల్లలు నా మొహం చూసి ఇట్టే కనిపెట్టేస్తారు."

"యోనాకి వచ్చిందిగా పిలుపు, ఏం చేశాడు? పడవెక్కి ఉడాయించాడు. నువ్వు పిలుపు రాకుండానే చేపని కుట్టావు." ఆవిడ పొట్టు ఊదుతారు, అది పైకి లేచి చేప కడుపంతా తిరిగి ఎక్కడా వాలదు. "నా సంగతి మాత్రం ఏంటి? ముందున్న టీచరు పెళ్ళయి వెళ్తా వెళ్తా ఈ చాప నా చేతిలో పెట్టిపోయింది. పరిచాను, పిల్లలు కూర్చున్నారు. కూర్చున్నోళ్ళని లెమ్మనలేం కదా."

"మీకు నమ్మకం ఉండేది."

"కొన్ని ఆదివారాలు ఉండేది కాదే. కథ చెప్తా చెప్తా, ఇది నిజంగా జరిగిందా అనిపించేది. అప్పుడు ఆపేసేదాన్ని. వారం తిరిగేసరికి మిగతా సగం చెప్పే ధైర్యం వచ్చేది."

"పిల్లలు మళ్ళీ రావాలని ఆపేవారనుకున్నాం."

"పిల్లలు శనక్కాయలకి ఎలాగూ వస్తారు. మళ్ళీ రావాల్సింది నేను."

ఇన్నేళ్ళూ ఆవిడ ముందు కూర్చుని ఇది నాకు తెలియలేదు. ఆవిడ మీద ఒక్కసారిగా బెంగ పుట్టుకొస్తుంది, బతికుండగా ఎన్నడూ ఇంత బెంగ లేదు.

కత్తెర కోసం తడుముకుంటాను, నా చీర కుచ్చిళ్ళలో నుంచి శనక్కాయలే రాలుతున్నాయి. "పళ్ళున్నాయిగా" అంటారు. చాప మీద మునివేళ్ళపై నిలబడి కుట్టు చివర పళ్ళతో పట్టుకుని కొరుకుతాను, నోరు విడుతుంది, వెలుతురు సన్నగా లోపలికి పడుతుంది, "మీరూ రండి" అంటాను, ఆవిడ నా కాళ్ళ కింది చాపని లాగి చుట్టి నా చంకలో పెడుతూ నవ్వుతారు. ఆవిడ అనాల్సిన మాట నా నోట్లోంచి వస్తుంది.

"మిగతాది వచ్చే ఆదివారం."

"ఆదివారమా? శనివారం ఇస్తానన్నావుగా జాకెట్టు?"

కళ్ళు తెరిచాను. మిట్టమధ్యాహ్నం, కుట్టుమిషను మీద తల వాల్చి ఉన్నాను, గుమ్మంలో మడిచిన గొడుగుతో వీధి చివరింటి రాజ్యంగారు నిలబడి ఉన్నారు. పాస్టరమ్మగారికి తిరిగిచ్చేసి, నా వల్ల కాదని చెప్పేద్దామని బయటికి తీసిన చేప నా ఒళ్ళోనే ఉంది. దాని నోరు ఒక పక్క ఊడి, యోనా చెయ్యి బయటికి వచ్చింది. నా పళ్ళ మధ్య నీలం దారం ముక్క.

దాన్ని తీసి మిషను మీద పెట్టాను.

"శనివారమే తీసుకెళ్ళండి," అన్నాను. "ఆదివారం నాకు బడి ఉంది."