ఆడదానికి ఎడమ పక్క

బేగంపేట నాలా పొంగి ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చిన ఏడాది, గోడల మీది బురద ఇంకా ఆరకముందే, రాజనర్సయ్య పంజాగుట్ట నుంచి నొప్పులకు పెట్టుకునే కరెంటు మిషన్ కొనుక్కొచ్చాడు. పెళ్ళాం వజ్రమ్మ కుడి భుజం కోసం. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకొచ్చిన పిల్లలకు వాళ్ళు మెస్ నడుపుతున్నారు. నడపడమంటే గల్లా దగ్గర అతను కూర్చోవడం, పొయ్యి దగ్గర ఆమె నిలబడటం. సోమాజిగూడ డాక్టరమ్మ భుజం నొక్కి చూసి, "కొన్నాళ్ళు పని ఆపమ్మా. లేకపోతే జడ వేసుకోవడానిక్కూడా ఈ చెయ్యి లేవదు" అంది. పక్కనున్న రాజనర్సయ్య చెవిలో ఆ మాట పడలేదు. నొప్పికి కరెంటు పెట్టుకోవచ్చన్న మాటే పడింది.

మిషన్‌కు ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి, వాటి చివర రబ్బరు బిళ్ళలు. కరెంటు ఎంత గట్టిగా రావాలో తిప్పడానికి ఒక నాబు, ఎంత తొందరగా కొట్టాలో ఇంకో నాబు. రాజనర్సయ్య ఎర్ర బిళ్ళ ఆమె ఎడమ భుజానికి, నల్లది కుడి భుజానికి అంటించాడు.

"నొప్పి కుడి దిక్కుంటే, ఎర్రది ఎడమకెందుకయ్యా?"

"ఆడోళ్ళకు జాతకం ఎడమ చేతిల సూస్తరు గదనే? గిది సుత గంతే. ఊకో."

నల్ల బిళ్ళ కింద చీమలు కుట్టినట్టు సుర్రుమనేది. తీస్తే చర్మం కందిపోయి ఉండేది. ఒక మధ్యాహ్నం అతను సరుకులకు పోయినప్పుడు వజ్రమ్మ బిళ్ళలు తారుమారు చేసి చూసింది. మంట ఎడమకు పోయి, కుడి భుజం తెరిపిన పడింది. ఏది ఎక్కడ మండుతుందో తన ఒంటినే అడగాలి కదా, ఇన్నేళ్ళలో ఎవరడిగారు? ఆ తర్వాత రెండో నాబు తిప్పింది. నెమ్మదిగా కొడితే కండ ఎగిరెగిరి పడింది. తొందరగా కొడితే జుమ్మని తిమ్మిరెక్కి నొప్పి దాక్కుంది. దాక్కోవడమే, పోవడం కాదు. పొద్దున్నే అతను నాబు ఆ చివరికి తిప్పి పెట్టేది అందుకే. ఆ తిమ్మిరిలో ఆమె లేచి పెద్ద గిన్నెలు దించేది. తిమ్మిరి దిగాక భుజం రెండింతలు సలిపేది. ఈ ఇంట్లో తనను కూచోమన్నది నొప్పి ఒక్కటే. దాని నోరూ మూయించాడు.

ఆ సాయంత్రం పిల్లలు తింటుంటే అతను మిషన్ బల్ల మీద పెట్టాడు. "ఇటు రాయే, పిల్లలకు సూపిస్త." ఆమె ముంజేతికి బిళ్ళలంటించి, నాబు నెమ్మదికి తిప్పాడు. ఆమె వేళ్ళు వాటంతటవే ముడుచుకుని, విచ్చుకుని, పిండి పిసికినట్టు ఆడాయి.

"సూసిన్రా? మనిషికి పానం బాగ లేకున్నా చెయ్యి పని చేస్తనే ఉంటది!"

కాకినాడ కుర్రాడు వంశీకృష్ణ పడీ పడీ నవ్వాడు. "అయితే పడుకుని కూడా చపాతీలు చేసేయొచ్చు ఆంటీ!"

వజ్రమ్మ ఆ చేతిని చూసింది. ఎవరిదో అన్నట్టుంది. ఎడమ చేత్తో బిళ్ళలు పీకేసింది.

"రేపటి సంది పొయ్యి కాడికి రాను. డాక్టరమ్మ సరే అనేదాక రాను."

"మెస్ బందు పెట్టాల్నా?"

"నీకు సుత రెండు చేతులున్నయి."

"పిల్లల ముంగట ఇజ్జత్ తీస్తవానే?"

ఆమె ఎంగిలి కంచాలు అక్కడే వదిలి లోపలికి పోయింది.

మరునాడు పొద్దున రాజనర్సయ్య మిషన్ మంచం దగ్గరికే తెచ్చాడు. "జర సేపు పెట్టుకోని లే." వజ్రమ్మ గోడ వైపు తిరిగి భుజాన్ని దుప్పట్లోకి లాక్కుంది. నొప్పి మొత్తంగా, ఎక్కడా దాక్కోకుండా ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చింది.

బయట పిల్లలు గుమిగూడారు. "ఏంటి అంకుల్, టిఫిన్ లేదా?" వంశీకృష్ణ గొంతు.

పెళ్ళాం లేవనన్నదని చెప్పడానికి రాజనర్సయ్యకు నోరు రాలేదు. షట్టర్ దగ్గరికొచ్చి తన భుజం తానే పట్టుకున్నాడు. "నాకే చెయ్యి గుంజుతుంది బిడ్డా."

"మిషనుందిగా అంకుల్! తగిలించుకోండి, చెయ్యి దాని పని అది చేసుకుపోద్ది." పిల్లలంతా గొల్లున నవ్వారు.

రాజనర్సయ్య ఆ నవ్వుల మీదికి షట్టర్ దించేశాడు.