దిద్దిన నడుము

స్నానాలగది తలుపును అక్క భుజంతో గుద్దింది. గడియ ఊడలేదు. లోపల ఏదో దబ్బుమని పడిన చప్పుడైంది, ఆ తరువాత అలికిడే లేదు. వెనకాల అమ్మ నిలబడి ఏడుస్తోంది. ఈ ఇంట్లో ఏడ్చే పని అమ్మది, తలుపులు విరగ్గొట్టే పని అక్కది, మొదటినుంచీ అంతే. అక్క రెండడుగులు వెనక్కి వేసి కాలితో తన్నింది. గడియ మేకులతో సహా ఊడి వచ్చింది.

చెల్లెలు నేల మీద పడి ఉంది. ప్రతి చిన్నదానికీ మూతి ముడుస్తుందని ఇంట్లో అందరూ బుంగ అని పిలిచే పిల్ల. ఇరవై దాటినా ఆ పేరు పోలేదు. చొక్కా పైకి జరిగిపోయింది. పక్కటెముకల కింద నుంచి తుంటి దాకా, అట్టపెట్టెలకు అంటించే గోధుమరంగు టేపు, చుట్ల మీద చుట్లు. దాని అంచుల్లో చర్మం పగిలి రక్తం కారుతోంది. పెదవులు నల్లబడ్డాయి.

అక్క ఉద్యోగం ప్రకటనల ఆఫీసులో ఫొటోలు దిద్దడం. ఎండాకాలంలో ఒక బట్టల దుకాణం ప్రకటనకు రావలసిన మోడల్ చెప్పాపెట్టకుండా ఎగ్గొడితే, పోనీ నువ్వు రావే అని బుంగను లాక్కెళ్లి, పొట్టి చొక్కా తొడిగి కెమెరా ముందు నిలబెట్టింది. సాయంత్రం పది ఫొటోలతో పాటు ఆ ఫొటో కూడా దిద్దింది. నడుము లోపలికి నొక్కింది, చేతులు సన్నం చేసింది, మచ్చలు తుడిచింది. అలవాటైన చెయ్యి, దాని దారిన అది పోయింది. కూడలిలో హోర్డింగ్ లేచింది. మొదట్లో బుంగ కాళ్లు నేల మీద నిలవలేదు. తరువాత కనబడినవాళ్లంతా, ఆ బోర్డు మీది పిల్లవి నువ్వేనా, ఇలా అయిపోయావేంటి అని ఆరా తీయడం మొదలుపెట్టారు. వాళ్ల నోళ్లు పడిపోను. అప్పటినుంచి పిల్ల కంచం ముందు కూర్చోవడం మానేసింది.

అక్క కత్తెర తెచ్చి టేపు కింద దూర్చబోయింది. బుంగకు ఒక్కసారిగా మెలకువ వచ్చింది. కత్తెర పట్టిన అక్క మణికట్టును కసుక్కున కొరికింది. జుట్టు పట్టి తలను గోడకేసి బాదింది. తిండిలేని ఒంట్లో అంత బలం ఎక్కడ దాచిందో మరి. అక్క తిరగబడి చెంప ఛెళ్లుమనిపించింది.

"ఆ నడుము నీది కాదే," అంది. "అలాంటి నడుము ఎవరికీ ఉండదు. నేనే నొక్కాను, కంప్యూటర్‌లో."

"అబద్ధం. అయితే అసలు ఫొటో చూపించు."

ప్రకటన ఖరారైన రోజే అసలు ఫొటో చెరిపేయడం ఆ ఆఫీసు పద్ధతి. దిద్దకముందు ఎలా ఉండేదో బయటికి పొక్కకూడదు. చెల్లెలి ఫొటోను కూడా పద్ధతిగానే చెరిపేసింది. దాచలేక ఆ సంగతి చెప్పేసింది.

బుంగ అక్క మొహంలోకి చూసింది. "నన్ను చూసి బాగోలేదనుకున్నావు. అందుకే కోశావు."

"నిన్ను చూడలేదే. చూడకుండానే కోశాను."

ఆ మాటతో ఊరట కలుగుతుందనుకుంది, పిచ్చిమొహం. బుంగ కత్తెర లాక్కుని, మొన తన నడుముకే ఆనించుకుంది.

"బోర్డు మీద కోశావుగా, ఇక్కడ కూడా కొయ్యి. చేతకాకపోతే నేనే కోసుకుంటా."

మొన లోపలికి దిగబోతుంటే అక్క కత్తెరను వట్టి చేత్తో పట్టుకుంది. ఇద్దరూ గుంజుకున్నారు. పదును అరచేతిని ఎముక దాకా చీల్చింది. మౌస్ పట్టే చెయ్యే. అక్క అరవలేదు, వదలలేదు. రక్తం ధారకట్టి బుంగ ఒళ్లో పడింది. చివరికి బుంగ వేళ్లే సడలాయి.

అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని అమ్మను తరిమి, అక్క ఎడమచేత్తో టేపు కత్తిరించింది. టేపుతో పాటు చర్మం లేచి వస్తుంటే బుంగ పళ్లు బిగించి మూలిగింది. ఆఖరి చుట్టు తెగగానే ఊపిరి గట్టిగా పీల్చింది. వాతలు తేలిన పొట్ట పైకి లేచింది.

బొడ్డు పక్కన పాత కాలిన మచ్చ కనిపించింది. చిన్నప్పుడు అక్క చేతిలో వేడినీళ్ల గిన్నె జారి అయిన మచ్చ. ఆ రోజు పిల్లకంటే అక్కే ఎక్కువ ఏడ్చింది. ఆఫీసులో దాన్ని కూడా తుడిచేసింది. ఎవరి మచ్చో గుర్తే రాలేదు. నెత్తురోడుతున్న చెయ్యి ఆ మచ్చ మీద పెట్టి, అక్క భోరుమని ఏడ్చింది.